గునపం, ఇరవై రెండు మెట్లు

ఆ ఊళ్లో పాత మేడల్లో కొన్ని వానకు నాని కూలాయి, కొన్ని అన్నదమ్ముల తగాదాల్లో కూలాయి, మిగిలినవన్నీ గునపం చేతిలో కూలాయి. గునపమంటే ఇనప గునపం కాదు, మనిషి. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది గానీ అది ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. కట్టుకున్న భార్య కూడా కోపం వస్తే "ఏయ్ గునపం" అనే కేకేసేది. కోపం లేనప్పుడు అసలు పిలిచేది కాదు.

పదిహేడో ఏట పనిలో చేరాడు. ఇల్లు కూల్చడమంటే సమ్మెట పుచ్చుకుని దబదబా బాదడమేనని జనం అనుకుంటారు. అలా బాదినవాళ్లెవరూ ముసలివాళ్లు కాలేదని గునపం చెప్పేవాడు. కట్టినవాడు ఆఖర్న ఏది పెట్టాడో అది మొదట తియ్యాలి, మొదట పెట్టింది ఆఖర్న తియ్యాలి. అందుకని కట్టినవాడి బుర్రలోకి దూరితే తప్ప కూల్చడం కుదరదు. ముప్పై అయిదేళ్లలో అతని కింద పనిచేసిన ఒక్కరి ప్రాణమూ పోలేదు. పోయినవల్లా అతని ఎడమకాలి వేళ్లు రెండు. ఒక వకీలు గారి మేడ దింపుతుంటే దూలం జారి పడింది. "చచ్చి ముప్పై ఏళ్లయినా వకీలు వకీలే, ఊరికే వదల్లేదు," అనేవాడు కాలు చూపించి.

పాత ఇళ్ల మీద అతనికి భక్తీ లేదు, గిక్తీ లేదు. సున్నం బాగా పడిందా, కలప గట్టిదా, కట్టినవాడు దొంగా దొరా అన్నదే అతనికి కావాలి. ఫలానా మహానుభావుడు ఈ గదిలో బస చేశాడని ఎవరైనా చెబితే, "ఆయన పడుకుంటే గోడకేం ఒరిగింది?" అనేవాడు.

ఇలాంటివాడికి ఒకరోజు ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది.

ఊళ్లో కొత్తగా పాత కట్టడాల కాపుదల కార్యాలయమని పెట్టారు. అది నాలుగేళ్ల కిందట కట్టిన బిల్డింగులో మూడో అంతస్తు. చినుకు పడితే చాలు, బల్లల మీద బకెట్లు పెట్టుకునేవాళ్లు. ఒక ఆఫీసరు, ఒక ఆర్కిటెక్టు అమ్మాయి, ఒక ప్యూను. నూరేళ్లు దాటిన కట్టడాలన్నిటినీ కొలిచి, గీసి, ఫొటోలు తీసి జాబితా వెయ్యడం వాళ్ల పని. పాత సర్వే పటం ప్రకారం మూడు వందల పన్నెండు ఉండాలి. ఆ అమ్మాయి పటం పట్టుకుని రెండు నెలలు వీధి వీధీ గాలిస్తే నూట నలభై దొరికాయి. మిగతాచోట్ల ఫర్నిచరు దుకాణాలు, కార్ల షెడ్లు, ఒకచోట పిచ్చిమొక్కలు. ఇక్కడుండే పాత మేడ ఏమైందని ప్రతిచోటా అడిగింది. చాలాచోట్ల ఒకటే జవాబు. "గునపం కూల్చాడు."

ఆఫీసరు ఒంటికాలి మీద లేచాడు. ఆ మనిషిని వెంటనే పిలిపించమన్నాడు.

కాగితం మీద ముద్ర చూడగానే జైలేనని గునపం తేల్చేసుకున్నాడు. భార్య కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో అనుకున్నాడు గానీ ఆవిడ సంచీ సర్దింది. రెండు జతల బట్టలు, దుప్పటి, సబ్బు, బీపీ మాత్రలు. "మాత్రలు మానకు. అక్కడ గోడలు చూసి నోటికొచ్చినట్టు మాట్లాడకు," అని సాగనంపింది.

ఆఫీసరు సంచీ వంక చూసి, "ఊరెళ్తున్నారా?" అన్నాడు.

"మీరెక్కడికి పంపితే అక్కడికే సార్."

"మిమ్మల్నెక్కడికీ పంపే అధికారం నాకు లేదు. మీరు కూల్చిన రోజుల్లో చట్టం లేదు." ఆఫీసరుకు ఆ మాట అనడం ఏమాత్రం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. "ఈ అమ్మాయి మీతో ఏదో మాట్లాడాలంటోంది."

ఆర్కిటెక్టు అమ్మాయి పటం పరిచింది. నూట డెబ్బై రెండు ఎర్ర చుక్కలు. ఒకదాని మీద వేలు పెట్టి, "ఇదెలా ఉండేదో గుర్తుందా బాబాయ్?" అంది.

గునపం ఒక్క క్షణం చూశాడు. "ఎందుకు గుర్తుండదూ? రెండంతస్తులు. వీధివైపు గోడ మూర మందం, పెరటివైపు జానెడు. కట్టినవాడు పరమ పిసినారి. ఏడు గదులు, ఒకటే మరుగుదొడ్డి. తలుపులు మాత్రం..." అంటూ గంటసేపు చెప్పాడు. ఆ అమ్మాయి రాస్తూనే ఉంది. మధ్యలో ప్యూను వచ్చి నాలుగో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మర్నాటి నుంచి గునపానికి ఆ ఆఫీసులోనే ఉద్యోగం. ఆఫీసరు సంతకం చేశాడు గానీ కలానికి మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికెళ్లి సంచీ దింపితే భార్య, "ఏం, జైల్లో ఖాళీ లేదా?" అంది.

ఆ పనికి అతనికంటే తగినవాడు లేడని నెల తిరక్కుండానే తేలిపోయింది. వేలి కణుపుతో గోడ మీద కొట్టి లోపలేముందో చెప్పేవాడు. ఇక్కడ తలుపు మూసేశారు, ఇక్కడ పొగగొట్టం ఉంది, ఇది తర్వాత అల్లుడొచ్చాక కట్టింది. అమ్మాయి పరికరం తెచ్చి చూస్తే అచ్చం అంతే. ఒకసారి పాతకాలం వ్యాపారి మేడ చూడడానికి ఒక ప్రొఫెసరు గారు వచ్చారు. గోడలో వరసగా పన్నెండు చిన్న గూళ్లున్నాయి. యజమాని వేకువనే దీపాలు పెట్టుకుని ధ్యానం చేసుకునే గూళ్లవి అని ఆయన అరగంట వివరించారు. గునపం తల గోక్కుంటూ విన్నాడు.

"కోళ్ల గూళ్లండి," అన్నాడు చివరికి.

"ఆధారం?" అన్నారు ప్రొఫెసరు గారు.

గునపం గోటితో మూలన సున్నం గీకి, అందులో పాతుకుపోయిన ఈకముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. ఆయన దాన్ని ఏం చెయ్యాలో తెలియక రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నారు. అమ్మాయి పుస్తకంలో "గూళ్లు పన్నెండు, ఉపయోగం కోళ్లు" అని రాసుకుంది.

లేని మేడల జాబితా ఇంకా బాగా సాగింది. కూల్చిన ప్రతి ఇంటి తలుపూ కిటికీ ఏ గడపకు చేరాయో గునపానికి తెలుసు. ఇద్దరూ స్కూటీ మీద బయల్దేరేవాళ్లు. నాటకాల హాలు ముఖద్వారం పళ్ల డాక్టరు గారింట్లో దొరికింది. వకీలు గారి కిటికీలు ఒక లాడ్జీలో, స్నానాల గదులకు. పాత బ్యాంకు రాతి స్తంభాలు రెండు ఒక మంగలి దుకాణం ముందు తలకిందులుగా నిలబెట్టి ఉన్నాయి. "తిరగేసి పెట్టావేమిట్రా?" అని గునపం అడిగితే, "మొదట్లో నువ్వే నిలబెట్టావు బావా," అన్నాడు మంగలి. అమ్మాయి వాటిని కూడా కొలిచి, తలకిందులని రాసుకుంది.

ఒక్కచోట మాత్రం దొరకడానికి ఏమీ లేదు. సంగీతం నేర్పే ఒక టీచరమ్మ ఇంటి పైకప్పు లోపలివైపు గచ్చు మీద పక్షుల బొమ్మలుండేవి. గచ్చు ఊడి మనుషుల మీద పడుతుందని అతనే ముందు దాన్ని పొడి చేయించేశాడు. ఆ పొడి కొత్త రోడ్డు కిందికి పోయింది.

"ఎన్ని పక్షులు బాబాయ్?" అంది అమ్మాయి.

గునపం కళ్లు మూసుకున్నాడు. "నలభై ఒకటి. ఒకదానికి కన్ను పెట్టడం మర్చిపోయాడు గీసినవాడు." వాటి నీలం ఎలా ఉండేదో చెప్పబోయి చెప్పలేకపోయాడు. అమ్మాయి రంగుపెన్సిళ్లు ఒక్కొక్కటే చూపించింది. ఇది కాదు, ఇదీ కాదు. ఆ రోజు ఇంకో ఇంటికి వెళ్లలేదు.

ఇలా ఉండగా గ్రంథాలయం పని వచ్చింది. అది కూల్చని కట్టడం. ఇరవై తొమ్మిదేళ్ల కిందట పై అంతస్తు ప్రమాదకరంగా ఉందని మూసేసి, ఎవరూ ఎక్కకుండా కొయ్యమెట్లు ఊడబెరికించారు. తప్పు కప్పుది, శిక్ష మెట్లకు పడింది. ఇప్పుడు బాగుచెయ్యడానికి పైనుంచి అనుమతి వచ్చింది. అసలు మెట్లు దొరికితే వాటినే పెట్టాలని షరతు. పాత ఫొటోలో కనిపిస్తున్నాయి. ఇరవై రెండు మెట్లు, అన్నం తిన్న పిల్లి వొళ్లు విరిచినట్టు మెల్లగా మలుపు తిరిగి పైకి పోతున్నాయి.

"ఇవెక్కడున్నాయి బాబాయ్?"

గునపం ఫొటో చూశాడు, కిటికీ చూశాడు, బకెట్ చూశాడు. "గుర్తులేదమ్మా," అన్నాడు.

నలభై ఒక్క పక్షులు గుర్తున్న మనిషి! మర్నాడు జ్వరమని కబురు పంపాడు. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు అమ్మాయి బత్తాయిలు పట్టుకుని చూడబోయింది. ఆ ఇంటికి ఆమె రావడం అదే మొదలు.

తలుపు తీసిన భార్య, "జ్వరమా? ఎవరికి? ఆయన పైన బట్టలారేస్తున్నాడు," అంది.

అమ్మాయికి ఆ మాటలు వినపడలేదు. ముందు గది చిన్నది. అందులో సగం మెట్లే ఆక్రమించేశాయి. నల్లగా నిగనిగలాడుతూ, రాజభవనంలోకి పోతున్నంత దర్జాగా లేచి, పైనున్న ఒక్క గదికీ పిట్టగోడకూ చేరుతున్నాయి. బంధువులొస్తే మంచం వెయ్యడానికి చోటుండేది కాదు, మెట్ల మీదే వరసగా కూర్చోబెట్టేవాళ్లు. నిజానికి గునపం ఇంటికి మెట్లు కట్టలేదు, మెట్లకు ఇల్లు కట్టాడు.

పైనుంచి బట్టల బుట్టతో దిగుతున్న గునపం తొమ్మిదో మెట్టు మీద ఆగిపోయాడు. మెట్టు కిర్రుమంది.

"ఇప్పుడు గుర్తొచ్చాయమ్మా," అన్నాడు.

జరిగింది ఇదీ. అప్పటికి పెళ్లయి నాలుగు నెలలు. గునపం మెట్లు ఊడదీసే రోజు భార్య మధ్యాహ్నం క్యారియరు పట్టుకెళ్లి, ఊరికే సరదాకి ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. "ఇవి నాకు కావాలి," అంది. అంతవరకూ ఆమె అతన్ని ఏమీ అడగలేదు. ఊడదీసిన కలప కూల్చినవాడికే చెందాలని ఒప్పందం. ఇద్దరూ ఒక్క గదిలో అద్దెకుంటూ, ఇరవై రెండు మెట్లూ మూడేళ్లపాటు మంచం కింద పెట్టుకుని పడుకున్నారు.

అమ్మాయి ఆఫీసులో నోరు విప్పకుండా రెండు రోజులు ఆగగలిగింది. మూడో రోజు చెప్పక తప్పలేదు. ఆఫీసరు కాగితాలు పట్టుకుని దిగాడు. భార్య నాలుగో మెట్టు మీద కూర్చుంది. లేవలేదు.

"అమ్మా, ఇది ప్రజల సొత్తు."

"ఇరవై తొమ్మిదేళ్లు ఆ ప్రజలు ఏం చేస్తున్నారు సార్? ఒక్కరైనా వచ్చి నూనె రాశారా? వారం వారం రుద్దింది నేను. నా కూతురు నడక నేర్చింది వీటి మీద, ముందు పన్ను విరగ్గొట్టుకుంది కూడా వీటి మీదే."

"వీటికి చారిత్రక విలువ ఉందమ్మా. పాతవి..."

"నాకూ యాభై దగ్గరపడింది. నన్ను కూడా కొలిచి రాసుకుపోతారా?"

అమ్మాయి పుస్తకంలో మొహం దాచుకుంది. ఆఫీసరు గునపం వైపు తిరిగి, "మీరైనా చెప్పండి," అన్నాడు.

"సార్, నేను ఊళ్లో ఏ గోడనైనా కదుపుతాను," అన్నాడు గునపం. "ఈవిణ్ణి మాత్రం నా వల్ల కాదు."

ఆఫీసరు కోర్టు అన్నాడు, నోటీసు అన్నాడు. ఎక్కి చూసి వెళ్తానని రెండు మెట్లెక్కి, ఆవిడ పక్కకు జరగకపోయేసరికి దిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో ఆ ఊసే లేదు. ఒకరోజు పొద్దున్న ఆవిడ ఎవరికీ చెప్పకుండా గొడుగు తీసుకుని గ్రంథాలయానికి వెళ్లింది. కింద గదిలో నలుగురు మగవాళ్లు పేపర్లు చదువుకుంటున్నారు. మెట్లుండాల్సిన చోట నిచ్చెన వేసి మేస్త్రీలు పైకి సున్నం మోస్తున్నారు.

"పైన ఏముంది?" అని అడిగింది మేస్త్రీని.

"దుమ్ము ఉందమ్మా."

గొడుగు అతని చేతికిచ్చి నిచ్చెనెక్కింది. వద్దు వద్దంటూ ఇద్దరు కింద పట్టుకున్నారు. పైన పొడుగాటి గది. వీధివైపు అయిదు కిటికీలు. బీరువాల నిండా పుస్తకాలు, మూసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే. కిటికీ పక్కన గుండ్రటి బల్ల, ఆరు కుర్చీలు. బల్ల మీద రేకు బోర్డు. రుమాలుతో తుడిచి చూసింది. "స్త్రీలకు" అని రాసి ఉంది. మెట్లు తీసేశాక కింద గదిలో ఆడవాళ్లకంటూ బల్ల ఎవరూ వెయ్యలేదు. వెయ్యాలని ఎవరికీ తోచనూ లేదు. తను ఈ ఊళ్లో ఇన్నేళ్లుండి ఒక్కసారైనా గ్రంథాలయంలో కూర్చోలేదన్న సంగతి ఆవిడకు ఆ కుర్చీ వెనక్కి లాగుతుంటే తట్టింది. దుమ్ములోనే కాసేపు కూర్చుంది.

ఇంటికొచ్చి, మొగుడు చెయ్యి కడుక్కుంటుంటే అంది. "ఆ అమ్మాయికి చెప్పు, పట్టుకుపొమ్మని."

"ఏవిటి?"

"మెట్లు. ఏవిటంటాడేంటి! ముందు ఇక్కడ వేరే మెట్లు కట్టు. నా మోకాళ్లకు సరిపోవాలి. ఇంకోటి, అక్కడ వాటిని అద్దాలపెట్టెలో పెడితే ఊరుకోను. జనం ఎక్కాలి."

ఆఫీసరు అన్నిటికీ సరేనన్నాడు. ఆవిడ మెట్టు దిగితే చాలన్నట్టు సరేనన్నాడు.

గునపం తన ఇంటిని తనే విప్పాడు. అతని జీవితంలో అంత నెమ్మదిగా చేసిన పని మరోటి లేదు. ఒక్కో కొయ్యమేకూ తడిగుడ్డ చుట్టి, నానబెట్టి, వేళ్లతో లాగాడు. అమ్మాయి ప్రతి మెట్టూ తిరగేసి గీసుకుంది. అడుగున, మెట్లు చేసిన వడ్రంగి ఉలితో చెక్కిన అంకెలున్నాయి. ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది, పదకొండు.

"తొమ్మిదులు రెండున్నాయి బాబాయ్. పది లేదు."

గునపం రెండు పలకలూ పక్కపక్కన పెట్టి వంకర చూశాడు. మొహం వాడిపోయింది. ఇంట్లో బిగించేటప్పుడు ఆ రెండూ తారుమారు చేశాడు. తొమ్మిదో మెట్టు అన్నేళ్లూ కిర్రుమన్నది అందుకే.

భార్య వినేసింది. "ఇరవై ఆరేళ్లు! కలప ఎండింది, కలప నానింది, వాన, ఎండ అని ఎన్ని కథలు చెప్పావయ్యా! మీ అమ్మ దగ్గర కూడా నా బరువు వల్లే అన్నావు!"

"కట్టినవాడు అంకె తప్పు వేస్తే నేనేం చెయ్యను?"

"నువ్వు కట్టినవాడి బుర్రలోకి దూరతావుగా!"

ఆ రోజు గునపానికి ఇంట్లో టీ పుట్టలేదు. అమ్మాయికి మాత్రం రెండుసార్లు వచ్చింది.

గ్రంథాలయంలో బిగించాక మెట్లు కిక్కురుమనలేదు. ప్రారంభోత్సవం రోజు కుర్చీలు వేశారు, మైకు పెట్టారు, పెద్దమనిషిని పిలిచారు. గునపం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, భార్య ముందు వరసలో కూర్చుంది. మెట్ల మొదట్లో రెండు ఇత్తడి స్తంభాల మధ్య ఎర్రతాడు కట్టి ఉంది. బోర్డు మీద "చారిత్రక మెట్లు. ఎక్కరాదు" అని రాశారు. పైకెళ్లాలంటే వెనకవైపు ఇనపమెట్లు వేశారట.

ఆవిడ లేచి బోర్డు చదివింది. పెద్దమనిషి అప్పుడే ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆఫీసరు పరుగున వచ్చాడు.

"అరిగిపోతాయమ్మా, అందుకని..." అన్నాడు గొంతు తగ్గించి.

"అరగనివ్వండి," అంది ఆవిడ, గొంతు తగ్గించకుండా. "మీరు నాకేం మాటిచ్చారు?"

మైకులో మాట ఆగింది. గునపం వచ్చి, తాడు ముడి విప్పి, చేతికి చుట్టగా చుట్టుకుని, బోర్డు ఎత్తి గోడవైపు తిప్పి పెట్టాడు. ఆవిడ అలవాటుగా ఎడమవైపు నుంచి, కమ్మీ మీద చెయ్యి వేసి ఎక్కింది. వెనకాల ఆర్కిటెక్టు అమ్మాయి ఎక్కింది. తర్వాత గునపం కూతురు, ఆపైన ముందు వరసలోని ఆడవాళ్లు, ఆ తర్వాత తోచక మిగతావాళ్లు. పెద్దమనిషి మిగిలిన పది నిమిషాల ఉపన్యాసమూ ఆఫీసరుకూ ప్యూనుకూ వినిపించాడు. పైన కిటికీ పక్క బల్ల దగ్గర ఆరు కుర్చీలు చాలలేదు.

ఆ ఏడాది చివర జాబితా అచ్చయింది. ఉన్నవి నూట నలభై, లేనివి నూట డెబ్బై రెండు. గునపం పేరు పక్కన "సాంకేతిక సలహాదారు" అని వేస్తే అతను ఒప్పుకోలేదు. ఆఫీసరుతో రెండు రోజులు పోట్లాడి మార్పించాడు. లేనివాటి భాగంలో, ఒక్కో ఇంటి కింద, "కూల్చినవాడు" అన్నచోట అతని అసలు పేరు అచ్చులో నూట ఎనిమిదిసార్లు ఉంది. ఆ పేరెవరిదో చాలామందికి తెలియలేదు. పక్షుల కప్పు దగ్గర బొమ్మ లేదు. ఒక పేజీ వర్ణన ఉంది, నీలం గురించి ఏమీ రాయలేదు.

ఇంట్లో కొత్త మెట్లు సిమెంటువి. భార్యకు నచ్చలేదు గానీ, బంధువులొస్తే మంచం వెయ్యడానికి చోటు దొరికింది. అది ఆవిడకు ఇంకా నచ్చలేదు. వారానికి మూడు రోజులు గ్రంథాలయానికి వెళ్తుంది. ఏం చదువుతున్నావని గునపం అడిగితే, "నీకెందుకు?" అంటుంది.

మొన్న వానలకు రేవు దగ్గర పాత గిడ్డంగి ఒకవైపు ఒరిగింది. ఇద్దరు ఇంజనీర్లు చూసి నిలబడదన్నారు. గునపం వేలితో కొట్టి చూసి తనూ అదే మాట అన్నాడు. దింపడానికి ఆఫీసు అతన్నే పంపింది. అతను మొదటి రెండు రోజులూ ఒక్క ఇటుకా కదపలేదు. దూలం దూలానికీ అంకె వేస్తూ, అమ్మాయితో కలిసి కొలతలు తీశాడు. గిడ్డంగి యజమానికి ఒళ్లు మండిపోయింది.

"కూల్చేదానికి కొలతలెందుకయ్యా? వారం తిరిగేసరికి ఇక్కడేమీ ఉండదుగా!"

"కాస్త పక్కకు జరగండి," అన్నాడు గునపం. "టేపు అందడం లేదు."